బీజగణితం మనంతట మనమే – 4వ పాఠం: సమాసమా, సమీకరణమా?

పోయిన పాఠంలో సజాతి పదాలను కలపడం నేర్చుకున్నాం. 3య + 2య చూడగానే 5య అని రాసేస్తున్నారంటే ఈ పాఠానికి మీరు సిద్ధమే. తెలియని సంఖ్యకు మనం య రాసుకుంటున్నాం కదా, 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు కూడా ‘యావత్తావత్’ అనే మాటను కుదించి ‘యా’ అనే రాశాడు.

ఎవరైనా మీతో “నా వయసు” అని ఆగిపోతే “ఊఁ, ఎంత?” అంటారు. “నా వయసు 14” అంటే మాట పూర్తయింది. అది నిజమో కాదో ఇక అడగొచ్చు. 2య + 6 మొదటి రకం. దాన్ని బీజీయ సమాసం అంటాం. 2య + 6 = 20 రెండో రకం, సమీకరణం. య విలువ 7 అయితే అది నిజం, 8 అయితే అబద్ధం. సమాసాన్ని సూక్ష్మీకరిస్తాం, అంటే విలువ మారకుండా చిన్నగా రాస్తాం. సాధించేది, అంటే య విలువ కనుక్కునేది, సమీకరణంలోనే.

ఈ తేడా మరిచిపోతే ఎక్కడ దెబ్బ తింటామో చూడండి. య/2 + య/3 ను సూక్ష్మీకరించమంటే, భిన్నాలంటే ఉన్న టెన్షన్‌లో చాలామంది అంతటినీ 6తో గుణించి 3య + 2య, అంటే 5య అని రాసేస్తారు. య బదులు 6 పెట్టి చూడండి. అసలు సమాసం విలువ 3 + 2, అంటే 5. మనం రాసిన 5య విలువ 30! ఇచ్చినదాన్ని మనమే ఆరు రెట్లు చేసేశాం. సరైన జవాబు 5య/6. హారం పోదు, పోకూడదు.

అదే య/2 + య/3 = 10 అని ఇస్తే మాత్రం నిశ్చింతగా 6తో గుణించండి. ఎడమవైపు ఆరు రెట్లయితే కుడివైపూ ఆరు రెట్లవుతుంది, సమానత్వం చెడదు. 5య = 60, య = 12. సరిచూస్తే 6 + 4 = 10.

సమాసం చివర = 0 తగిలించి య విలువ కనుక్కోవడం కూడా ఇలాంటి తప్పే. ఆ సున్నా లెక్కలో ఎవరూ ఇవ్వలేదు.

మరి 3య + 2య = 5య లోనూ సమాన గుర్తు ఉంది కదా అంటారా? మంచి ప్రశ్న. అక్కడ య ఏ సంఖ్యైనా రెండు వైపులూ సమానమే. దాన్ని సర్వసమీకరణం అంటారు. అందులో సాధించడానికి ఏమీ ఉండదు.

ఇప్పుడు మీ వంతు. ముందు ఏ రకమో రాసి, తర్వాతే లెక్క మొదలుపెట్టండి.

4య − 7
4య − 7 = 9
య/4 + య/2

మొదటిది సమాసం, అలాగే వదిలేయాలి. రెండోది సమీకరణం, య = 4. మూడోదానికి 3య అని వచ్చిందా? య బదులు 4 పెట్టి చూసి, మళ్లీ చేయండి. 3య/4 రావాలి.