చెక్క బాంబర్ విమానానికి కొండపల్లి మక్కు

రెండో ప్రపంచ యుద్ధం నాటి మస్కిటో బాంబర్‌ని చెక్కతో చేయాలనుకునే వాళ్లకి ఒక చిట్కా. అసలు విమానమే బాల్సా అనే తేలిక చెక్క, ప్లైవుడ్‌తో చేసింది కాబట్టి చెక్క మోడల్ దీనికి భలే నప్పుతుంది. ఒక రెక్క కొస నుంచి ఇంకో రెక్క కొస దాకా సుమారు 16.5 మీటర్లు. 48వ వంతు స్కేల్‌లో 34.4 సెంటీమీటర్లు వస్తుంది, టీవీ పక్కన సరిపోతుంది.

బాల్సా కోసం ఆన్‌లైన్‌లో వెతక్కండి. మన విజయవాడ పక్కనే కొండపల్లి ఉందిగా! బొమ్మలు చేసే తెల్ల పొణికి చెక్క తేలిక, చాకుకి మెత్తగా తెగుతుంది. పచ్చిగా ఉంటే మాత్రం ముట్టుకోవద్దు. నేను తొందరపడి చెక్కితే వారానికే ఒక రెక్క వంగిపోయింది. అక్కడి కళాకారులు ముందు చెక్కని సన్నని సెగ మీద ఆరబెట్టేది అందుకే.

రెక్క బాడీకి అతికే చోట సందు వస్తుంది కదా, అక్కడ వాళ్ల మక్కే వాడండి. చింతగింజల పిండి ఉడికించి, జల్లించిన రంపపు పొట్టు కలపడమే. ఒకేసారి మందంగా పెడితే ఆరాక పగుళ్లిస్తుంది. పలచగా పూసి, పూర్తిగా ఆరనిచ్చి, మళ్లీ పూయండి. తర్వాత సన్న ఎమిరీ పేపర్‌తో, చెక్క గీతల వెంబడే రుద్దండి. రంగు పడ్డాక అతుకు ఎక్కడుందో మీకే దొరకదు.