కరెంటు పోయొచ్చినా మారని ఐపీ

కరెంటు పోయొచ్చి రౌటర్ ఆన్ అయినప్పుడల్లా కంప్యూటర్ ఐపీ (ఇంటి నెట్‌వర్క్‌లో దాని అడ్రస్ నంబర్) మారిపోయి, ఫోన్‌లోంచి అందులోని సినిమాల ఫోల్డర్ తెరుచుకునేది కాదు, మళ్లీ కొత్త నంబర్ వెతుక్కోవడం. అది మారకుండా ఉండాలంటే విండోస్ 11లో ముందు కమాండ్ ప్రాంప్ట్‌లో ipconfig అని కొట్టి డీఫాల్ట్ గేట్‌వే, అంటే రౌటర్ అడ్రస్, చూసుకోండి, మాది 192.168.1.1. తర్వాత సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, వైఫై, హార్డ్‌వేర్ ప్రాపర్టీస్‌కి వెళ్లి ఐపీ అసైన్‌మెంట్ పక్కనున్న ఎడిట్ నొక్కి, మాన్యువల్ పెట్టి, ఐపీవీ4 ఆన్ చేసి, ఐపీ 192.168.1.200, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0, గేట్‌వే పైన చూసిందే, డీఎన్ఎస్ (సైట్ పేర్లకు ఐపీ వెతికిపెట్టే సర్వర్) 8.8.8.8 ఇచ్చి సేవ్ చేశా. అంతే.

కాకపోతే రౌటర్ తనే పంచే ఐపీ నంబర్ల వరుసలో (డీహెచ్‌సీపీ రేంజ్) మనం పెట్టిన 200 ఉంటే అదే నంబర్ ఇంకో ఫోన్‌కి వెళ్లి రెండూ తన్నుకుంటాయి, అందుకే బ్రౌజర్‌లో గేట్‌వే నంబర్ కొడితే వచ్చే రౌటర్ పేజీలో రేంజ్ చూసి దాని బయటి నంబర్ తీసుకోండి. రౌటర్ మార్చాక నెట్ రాకపోతే మళ్లీ ఆటోమేటిక్‌లో పెట్టేయండి.