సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు: కార్బ్యురేటర్ తీసి ఇంజెక్షన్ పెట్టాక వచ్చే తంటాలు

డల్లాస్ చుట్టుపక్కల పాత అమెరికన్ మజిల్ కార్లు పెట్టుకున్న మనవాళ్ళు కొందరున్నారు. వాళ్ళ దగ్గర్నుంచి ఫోన్ వస్తే మొదటి మాట ఒకటే: "అన్నా, కిట్ అంతా బిగించేశా. సెల్ఫ్ తిరుగుతోంది, స్టార్ట్ కావట్లేదు." రెండో మాట, "పంపు పోయిందేమో." నిన్న పెట్టెలోంచి తీసిన పంపు ఇవాళ ఎందుకు పోతుంది?

కార్బ్యురేటర్ ఉన్నచోటే కూర్చుని, కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే థ్రాటిల్ బాడీ కిట్ల గురించి ఇది. బిగించడం వచ్చనే అనుకుని రాస్తున్నాను.

సమస్య: సెల్ఫ్ తిరుగుతుంది, స్టార్ట్ కాదు

ముందు ప్రెషర్ గేజి పెట్టండి. కార్బ్యురేటర్‌కి 5 నుంచి 7 పీఎస్ఐ చాలు. ఈ కిట్లలో చాలావాటికి 58 దాకా కావాలి. అది ఉంటే పంపు జోలికి వెళ్ళకండి. కిట్ ప్రధాన పవర్, ఎర్త్ వైర్లు రెండూ నేరుగా బ్యాటరీకే వెళ్ళాయా చూడండి. ఇవన్నీ బాగుండీ స్టార్ట్ కాలేదంటే, నా రెండు శనివారాలు మింగిన దొంగే మీ బండిలోనూ ఉండొచ్చు.

అది 1969 డాడ్జ్ చార్జర్, 383 క్యూబిక్ అంగుళాల ఇంజిన్. తాళం ఆన్ చేస్తే ట్యాంకులో పంపు గుయ్‌మని రెండు సెకన్లు తిరిగి ఆగేది. కిట్ స్క్రీన్ వెలిగేది. సెల్ఫ్ కొడితే ఎంతసేపైనా తిరిగేది తప్ప ఒక్క దగ్గు కూడా లేదు. విసుగొచ్చి తాళం వదిలితే, ఆ వదిలే క్షణంలో మాత్రం ఒక్కసారి "భక్" మనేది. ప్లగ్గులు మార్చాను, టైమింగ్ చూశాను, ఫిల్టర్ విప్పాను. చివరికి ఓనర్ సెల్ఫ్ కొడుతుంటే నేను డిక్కీ దగ్గర నిలబడి విన్నాను. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ పంపు చప్పుడే లేదు. తాళం వదలగానే మళ్ళీ గుయ్‌మని రెండు సెకన్లు. అంటే సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ ఈసీయూ (ఇంజెక్షన్‌ని నడిపే కంప్యూటర్) చచ్చి, వదలగానే మళ్ళీ పుడుతోంది!

కారణం ఇది. ఆ కాలపు క్రైస్లర్ బండ్లలో ఇగ్నిషన్ స్విచ్‌కి రెండు వేరు లైన్లుంటాయి. నీలం వైరు తాళం రన్‌లో ఉన్నప్పుడు కరెంటిస్తుంది, గోధుమ రంగు వైరు స్టార్ట్‌లో ఉన్నప్పుడు ఇస్తుంది. సెల్ఫ్ కొట్టగానే నీలం వైరుకి స్విచ్ నుంచి సరఫరా ఆగిపోతుంది, ప్లగ్గులకి నిప్పురవ్వ పుట్టించే కాయిల్‌కి కరెంటు గోధుమ వైరు మీదుగా వెళ్తుంది. కార్బ్యురేటర్‌కి కరెంటుతో పనిలేదు కాబట్టి యాభై ఏళ్ళుగా ఎవరికీ ఈ తేడా పట్టలేదు. ఈసీయూ తాళం వైరుని (తాళం ఆన్ అయిందని దానికి చెప్పే వైరు) నీలం వైరుకి కలిపితే మాత్రం కథ మొదలవుతుంది. తాళం ఆన్‌లోనూ, సెల్ఫ్ కొట్టేటప్పుడూ 12 వోల్టులుండే చోట కలపమని కిట్ పుస్తకంలో రాసే ఉంటుంది. అందరూ మొదటి సగం చదివి పుస్తకం మూసేస్తారు. నేనూ అంతే.

నిజానికి నేను మొదటిరోజే చెక్ చేశాను, టెస్ట్ ల్యాంపుతో. మోసపోయింది అక్కడే. స్టార్ట్‌లో గోధుమ వైరు కరెంటు బ్యాలస్ట్ రెసిస్టర్ (రన్‌లో కాయిల్‌కి వోల్టులు తగ్గించేది) గుండా వెనక్కి పాకి నీలం వైరులోకి కొన్ని వోల్టులు ఎక్కిస్తుంది. ల్యాంపు మసకగా వెలిగింది, "ఉందిలే" అనుకున్నాను. ఈసీయూకి ఆ దొంగ వోల్టులు ఏ మూలకీ చాలవు. ల్యాంపు పక్కన పడేసి మల్టీమీటర్ పట్టుకోండి. ఒకరు సెల్ఫ్ కొడుతుండగా ఈసీయూ వైరు దగ్గరే కొలవండి. బ్యాటరీ దగ్గర ఎంత ఉందో అక్కడా దాదాపు అంతే ఉండాలి.

పరిష్కారం: ఒక రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్. దాని కాళ్ళ మీద అంకెలుంటాయి. 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజుతో, 87 నుంచి ఈసీయూ తాళం వైరుకి, 85 ఎర్త్‌కి. 86కి నీలం వైరు ఒక డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) మీదుగా, గోధుమ వైరు ఇంకో డయోడ్ మీదుగా. రెండు డయోడ్ల గీతలూ రిలే వైపే ఉండాలి. డయోడ్లు దండగని రెండు వైర్లూ కలిపి మెలిపెట్టకండి. బ్యాలస్ట్‌ని దాటేసి కాయిల్‌కి ఎప్పుడూ పూర్తి 12 వోల్టులు పోతాయి, కాయిల్ కాలుతుంది, డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లూ మాడతాయి.

పాత షెవర్లేలో ఇదే దొంగ తిరగేసి వస్తాడు. స్టార్ట్ అవుతుంది, తాళం వదలగానే ఆగిపోతుంది. కాయిల్ పాజిటివ్ నుంచి కరెంటు లాగి ఉంటారు. దానికి వెళ్ళేది రెసిస్టెన్స్ వైరు. సెల్ఫ్ కొట్టేటప్పుడు దాన్ని దాటేసి పూర్తి కరెంటు, రన్‌లో తగ్గించిన కరెంటు. కాయిల్ వదిలేసి ఫ్యూజ్ బాక్సులో వేరే వైరు వెతకండి. దాన్నీ సెల్ఫ్ కొడుతూనే కొలవండి.

సమస్య: నల్లపొగ, కళ్ళు మండే పెట్రోలు వాసన

ట్యూనింగ్ మొదలుపెట్టకండి. ఆక్సిజన్ సెన్సర్‌కి ముందు ఎగ్జాస్ట్ ఎక్కడో లీకవుతోంది. బయటి గాలి లోపలికి పీల్చుకుని, సెన్సర్ "పెట్రోలు తక్కువైంది" అంటుంది, ఈసీయూ నమ్మి ఇంకా పోస్తుంది. హెడర్ (ఇంజిన్‌కి బిగించే ఎగ్జాస్ట్ పైపులు) గాస్కెట్, ఆ పైపులన్నీ కలిసే కలెక్టర్ జాయింట్ చూడండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చేత్తో తడమండి.

సమస్య: మలుపులో దగ్గుతుంది

ట్యాంకు సగం కంటే తక్కువున్నప్పుడేనా? అయితే పెట్రోలు ఓ పక్కకి పోయి పంపు గాలి పీలుస్తోంది. పాత ట్యాంకుల్లో అడ్డుగోడలు సరిగా ఉండవు. ట్యాంకు లోపల పంపు, దానికో చిన్న తొట్టి పెట్టించుకుంటే పోతుంది. ఆ పనిలో ఉన్నప్పుడే ట్యాంకు నుంచి ఇంజిన్‌కి వెళ్ళే రబ్బరు పైపు మీద 30ఆర్9 అని ముద్ర ఉందో లేదో చూడండి. కార్బ్యురేటర్ నాటి పైపు ఈ ప్రెషర్‌కి పనికిరాదు. వేడి ఇంజిన్ మీద పెట్రోలు చిమ్మితే తర్వాత చూసుకోవడానికి బండి మిగలదు.

సమస్య: ఆర్‌పీఎం అంకె పిచ్చిగా ఎగురుతుంది

ఈసీయూకి ఆర్‌పీఎం చెప్పే సిగ్నల్ వైరు ప్లగ్ వైర్లకి ఆనుకుని పోతోంది, దూరం జరపండి. ప్లగ్ వైర్లు సాలిడ్ కోర్ (లోపల ఉత్త లోహపు తీగ) అయితే మార్చేయండి. సీడీఐ (కెపాసిటర్‌తో కాయిల్‌ని నడిపే ఇగ్నిషన్) బాక్సుంటే సిగ్నల్ దాని టాకో అవుట్‌పుట్ (ఆర్‌పీఎం మీటరు కోసం ఇచ్చిన వైరు) నుంచే తీసుకోండి. ఆ బాక్సుండగా కాయిల్ నెగటివ్‌కి కలిపితే ఈసీయూ కాలిపోతుంది.

ఇక మిగిలినవి

ఇంజెక్టర్ మూసుకుపోవడం, సెన్సర్ పుట్టుకతోనే చెడ్డది కావడం, ఈసీయూ దానంతటదే పాడవడం... ఉంటాయి, కాదనను. నేను ఈసీయూ పాడైందని ఇంతవరకూ రెండు వెనక్కి పంపాను. రెండూ "లోపమేమీ లేదు" అనే చీటీతో తిరిగొచ్చాయి. రెండోదానికి పోస్టేజీ నా జేబులోంచే పోయింది.