కొత్త పికప్ ట్రక్కుకు ఫిఫ్త్ వీల్ హిచ్‌ను ఎలా ఎంచుకోవాలి?

పికప్ ట్రక్కు వెనుక బంపరు కింద ఉండే బాల్‌కు తగిలించి లాగే ట్రైలర్లు ఒక రకం. ట్రక్కు వెనుక సామాను పెట్టే తొట్టిలోనే, అంటే బెడ్‌లోనే, వెనుక యాక్సిల్‌కు (చక్రాల ఇరుసుకు) సరిగ్గా పైన గాని కొద్దిగా ముందుకు గాని బిగించిన హిచ్ (ట్రైలర్‌ను తగిలించే అమరిక) మీద ముక్కు ఆనించి నడిచే ఫిఫ్త్ వీల్ ట్రైలర్లు మరొక రకం. విశాఖ ఓడరేవు నుంచి కంటైనర్లను మోసుకెళ్ళే ట్రైలర్ లారీలను దగ్గరగా చూసినవారికి ఈ ఏర్పాటు కొత్తది కాదు. ట్రైలర్ ముందు భాగం అడుగున ఉండే 2 అంగుళాల మందపు కింగ్‌పిన్ హిచ్ దవడల మధ్యకు వెళ్ళి చిక్కుకుంటుంది. బరువు యాక్సిల్‌కు వెనుక వేలాడకుండా యాక్సిల్ మీదనే పడటం వల్ల ట్రైలర్ అటూ ఇటూ ఊగడం బాగా తగ్గుతుంది. అమెరికాలో పెద్ద క్యాంపింగ్ ట్రైలర్లు చాలావరకు ఈ పద్ధతిలో ఉండటానికి కారణం అదే.

కొత్త ట్రక్కు కొన్నవారు దుకాణానికి వెళ్ళి మొదట అడిగేది "20,000 పౌండ్ల హిచ్ ఎంత?" అని. హిచ్ మీద రాసి ఉన్న అంకె ట్రక్కు బలాన్ని ఒక్క పౌండు కూడా పెంచదు కాబట్టి ఆ ప్రశ్న చివర అడగవలసినది. ముందు ట్రైలర్ బరువు, తరువాత ట్రక్కు తలుపు మీది స్టిక్కర్, ఆ తరువాత బెడ్ పొడవు, దాని తరువాత బెడ్‌లో హిచ్‌ను బిగించే ఏర్పాటు చూసుకుంటూ వస్తే, హిచ్ ఎంపిక దాదాపు దానంతట అదే తేలిపోతుంది. ట్రక్కును ఇంకా ఆర్డర్ చేయనివారికి ఈ వరుస మరింత మేలు చేస్తుంది, ఎందుకంటే కొన్ని అంశాలు ఫ్యాక్టరీలో చేయించుకుంటే సులువు, తరువాత చేయించుకుంటే కష్టం.

1. ట్రైలర్ పిన్ వెయిట్‌ను అంచనా వేయండి

ట్రైలర్ మొత్తం బరువులో ట్రక్కు మీద పడే భాగాన్ని పిన్ వెయిట్ అంటారు. ఫిఫ్త్ వీల్ ట్రైలర్లలో ఇది సాధారణంగా మొత్తం బరువులో 15 నుంచి 25 శాతం వరకు ఉంటుంది. కరపత్రాలలో ముద్రించే పిన్ వెయిట్ ఖాళీ ట్రైలర్‌ది. బ్యాటరీలు, ప్రొపేన్ సిలిండర్లు, సామాను పెట్టుకునే పెద్ద అర చాలా ట్రైలర్లలో ముందు భాగంలోనే ఉంటాయి కనుక, ఇల్లు సర్దుకుని బయలుదేరేసరికి ఆ అంకె గణనీయంగా పెరుగుతుంది. నీళ్ళ బరువు గ్యాలన్‌కు 8.3 పౌండ్లు. వారం రోజుల ప్రయాణానికి బియ్యం బస్తా, ప్రెషర్ కుక్కర్లు, పచ్చళ్ళ సీసాలు లేకుండా మనవాళ్ళు కదలరు కాబట్టి, ఖాళీ బరువును నమ్మకుండా ట్రైలర్ తయారీదారు అనుమతించిన గరిష్ఠ బరువును, అంటే జీవీడబ్ల్యూఆర్‌ను తీసుకుని అందులో 20 శాతాన్ని కనీసపు లెక్కగా, 25 శాతాన్ని జాగ్రత్త లెక్కగా పెట్టుకోవడం మంచిది.

2. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కర్‌ను చదవండి

డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద పసుపు, తెలుపు రంగుల స్టిక్కర్ ఒకటి కనబడుతుంది. మనుషులు, సామాను కలిపి ఎన్ని పౌండ్లు మించకూడదో దాని మీద రాసి ఉంటుంది. అదే ఆ ట్రక్కు పేలోడ్. ఒకే మోడల్ ట్రక్కులు రెండు పక్కపక్కనే నిలిపి ఉన్నా ఈ అంకె వేరుగా ఉండవచ్చు, ఎందుకంటే డీజిల్ ఇంజిన్, ఫోర్ వీల్ డ్రైవ్, సన్‌రూఫ్ వంటివన్నీ తమ బరువును పేలోడ్ నుంచే మినహాయించుకుంటాయి. తరువాత బిగించుకున్న టూల్ బాక్స్, బెడ్ కవర్ బరువులను స్టిక్కర్ నుంచి మీరే తీసివేయాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. 12,000 పౌండ్ల జీవీడబ్ల్యూఆర్ ఉన్న ట్రైలర్ పిన్ వెయిట్ 20 శాతం చొప్పున 2,400 పౌండ్లు. హిచ్ బరువు 200, నలుగురు మనుషులు 600, క్యాబిన్‌లో సామాను 100 కలిపితే 3,300 పౌండ్లు అవుతుంది. డీజిల్ ఇంజిన్, నాలుగు తలుపుల క్యాబిన్ ఉన్న ముప్పావు టన్ను తరగతి (ఇది తరగతి పేరే, మోయగల బరువు కాదు) ట్రక్కు స్టిక్కర్ మీద 2,400 పౌండ్లే రాసి ఉండటం మామూలే. అంటే డ్రైవరు ఇంకా సీట్లో కూర్చోకముందే పేలోడ్ అయిపోయింది. అదే ట్రక్కు ప్రకటనలో మాత్రం లాగగలిగే బరువు 15,000 పౌండ్లకు పైగా కనిపించవచ్చు. ఇందులో అబద్ధమేమీ లేదు. వాహన ఇంజినీర్ల సంఘమైన ఎస్ఏఈ రూపొందించిన జే2807 అనే ప్రమాణం ప్రకారం ఆ అంకెను తేలుస్తారు, ఆ పరీక్షలలో అరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఎత్తును ఎక్కడం కూడా ఒకటి. కాని ఆ లెక్కలో ట్రక్కులో ఉండేది 150 పౌండ్ల చొప్పున ఇద్దరు మనుషులే. పిల్లలతో, తాతమ్మలతో బయలుదేరే కుటుంబానికి ఆ అంకె వర్తించదు.

స్టిక్కర్ సరిపోకపోతే పరిష్కారం పెద్ద హిచ్ కాదు. చిన్న ట్రైలర్ అయినా తీసుకోవాలి, లేదా ఎఫ్-350, రామ్ 3500, సిల్వరాడో 3500 వంటి ఒక టన్ను తరగతికైనా వెళ్ళాలి. వెనుక యాక్సిల్, టైర్లు మోయగల బరువులు కూడా అదే తలుపు స్తంభం మీది మరో స్టిక్కర్‌లో ఉంటాయి. పిన్ వెయిట్ దాదాపు మొత్తం వెనుక యాక్సిల్ మీదనే పడుతుంది కనుక దానినీ సరిచూసుకోండి.

3. బెడ్ పొడవును కొలిచి, మలుపులో క్యాబిన్‌కు ఎంత చోటు ఉంటుందో లెక్కించండి

ఎక్కువ మంది ఇరుక్కునేది ఇక్కడే. అమెరికాలో పెద్ద ట్రైలర్ల వెడల్పు 102 అంగుళాల వరకు ఉంటుంది, అందులో సగం 51 అంగుళాలు. ట్రైలర్ ట్రక్కుకు అడ్డంగా 90 డిగ్రీలు తిరిగినప్పుడు దాని పక్క గోడ కింగ్‌పిన్ నుంచి క్యాబిన్ వైపు 51 అంగుళాలు ముందుకు వస్తుంది. 8 అడుగుల బెడ్‌లో హిచ్ కేంద్రానికి, క్యాబిన్ వెనుక అద్దానికి మధ్య అంతకంటె ఎక్కువ చోటు ఉంటుంది. సుమారు ఆరున్నర అడుగుల బెడ్‌లో వెనుక యాక్సిల్ బెడ్ ముందు గోడ నుంచి దాదాపు 40 అంగుళాల దూరంలోనే ఉండటం వల్ల ఆ చోటు చాలదు. పైగా ట్రైలర్ ముక్కు కింగ్‌పిన్‌ను దాటి ముందుకు పొడుచుకువచ్చి, మూలలు చదరంగా ఉంటే, 90 డిగ్రీలు తిరగకముందే ఆ మూల అద్దానికి తగలవచ్చు. ఇటీవలి ట్రైలర్లు చాలావాటికి ముందు మూలలను గుండ్రంగానో లోపలికి నొక్కినట్టుగానో తయారు చేస్తున్నారు కాని, అమ్మేవారు "పొట్టి బెడ్‌కు పనికొస్తుంది" అని చెప్పినంత మాత్రాన టేపు తీయడం మానకండి.

పొడవు బెడ్ ఉంటే మామూలు స్థిర హిచ్ తీసుకుని తరువాతి అంశానికి వెళ్ళవచ్చు. పొట్టి బెడ్ ఉన్నవారికి స్లైడర్ హిచ్ ఒక మార్గం. చేత్తో నడిపే స్లైడర్ అయితే, ఇరుకైన మలుపుకు ముందే ట్రక్కును ఆపి, లీవర్ లాగి, బ్రేక్ కంట్రోలర్‌తో ట్రైలర్ బ్రేకులను పట్టి ఉంచి ట్రక్కును మెల్లగా ముందుకు కదిపితే, హిచ్ తల సుమారు ఒక అడుగు వెనుకకు జరుగుతుంది. క్యాంపు స్థలంలో వెనక్కి నడపడం అయిపోయాక దానిని తిరిగి ముందు స్థానంలో లాక్ చేయాలి, ఎందుకంటే యాక్సిల్ వెనుక బరువు పెట్టుకుని హైవే మీద వెళ్ళకూడదు. పుల్‌రైట్ సూపర్‌గ్లైడ్ వంటి స్వయంచాలక స్లైడర్లు మలుపు తిరిగిన కొద్దీ వాటంతట అవే వెనుకకు జరుగుతాయి. వాటికి ట్రైలర్ పిన్ బాక్స్‌కు (కింగ్‌పిన్ అమర్చిన ముందరి భాగానికి) సరిపడే ప్రత్యేకమైన ప్లేటు ఒకటి బిగించవలసి ఉంటుంది, ధర, బరువు కూడా ఎక్కువే. అయినా పొట్టి బెడ్ ట్రక్కుతో తరచుగా ప్రయాణం చేసేవారు డబ్బు ఆదా చేయకూడని చోటు ఇదేనని నా అభిప్రాయం. పెట్రోలు బంకులో వెనుక వరుసగా బండ్లు నిలిచి ఉండగా దిగి లీవర్ లాగే ఓపిక చాలామందికి ఉండదు, ఆ తొందరలోనే అద్దం పగులుతుంది.

ఐదున్నర అడుగుల బెడ్ ఉన్న అర టన్ను ట్రక్కులకు ఫిఫ్త్ వీల్ ఆలోచనను చాలా సందర్భాలలో వదులుకోవడమే మేలు. పేలోడ్, చోటు రెండూ ఒకేసారి అడ్డుపడతాయి.

4. హిచ్‌ను దేనికి బిగించాలో తేల్చుకోండి

ఫోర్డ్, రామ్, జీఎం కంపెనీల భారీ పికప్‌లకు ఫ్యాక్టరీలోనే ఫిఫ్త్ వీల్, గూస్‌నెక్ (బెడ్ మధ్యలోని బాల్‌కు ట్రైలర్‌ను తగిలించే పద్ధతి) ప్రెప్ ప్యాకేజీని, అంటే వాటికి కావలసిన ముందస్తు అమరికలను, ఆర్డర్ చేయవచ్చు. ఇందులో బెడ్ అడుగున, ఛాసిస్‌కు బిగించిన అడ్డ కమ్మీల మీద నాలుగు గుండ్రటి అమరికలు ఉంటాయి, వాటినే పక్‌లు అంటారు. మధ్యలో గూస్‌నెక్ బాల్‌కు ఒక రంధ్రం ఉంటుంది. పక్‌లకు సరిపడే హిచ్‌ను నిమిషాలలో దించి, గుచ్చి, పిడి తిప్పి బిగించవచ్చు. తీసేస్తే బెడ్ మొత్తం చదునుగా ఖాళీ అవుతుంది. ట్రక్కు ఇంకా కొననివారు ఈ ప్యాకేజీని తప్పక టిక్ పెట్టుకోవాలి. అయితే పక్‌ల మధ్య దూరాలు కంపెనీని బట్టి మారతాయి కనుక, ఫోర్డ్ కోసం తయారైన కాళ్ళు రామ్‌లో కూర్చోవు. ట్రక్కు సంవత్సరం, మోడల్, బెడ్ పొడవు చెప్పి మాత్రమే కొనండి.

ప్యాకేజీ లేని ట్రక్కుకు బెడ్ మీద రెండు అడ్డ రైల్స్ వేసి, కింద ఛాసిస్‌కు ప్రత్యేక బ్రాకెట్లతో బిగిస్తారు. ఏ కంపెనీ హిచ్ అయినా దాదాపు సరిపోవడం దీని లాభం, హిచ్ తీసేసినా రైల్స్ బెడ్‌లో మిగిలిపోయి సామాను జరపడానికి అడ్డుపడటం దీని నష్టం. దీనికి బెడ్‌లో రంధ్రాలు వేయాలి. కింద ఇంధనపు గొట్టాలు, బ్రేకు గొట్టాలు, వైర్లు ఉంటాయి కాబట్టి అనుభవం లేనివారు డ్రిల్ పట్టకపోవడం మంచిది. వదులుగా పరిచే ప్లాస్టిక్ లైనర్ ఉంటే రైల్స్ కింది భాగాన్ని కోసి తీసేయాలి, స్ప్రే చేసిన పూతకు ఆ అవసరం లేదు.

ఇప్పటికే గూస్‌నెక్ రంధ్రం ఉన్నవారికి బీ అండ్ డబ్ల్యూ కంపానియన్ వంటివి ఆ ఒక్క రంధ్రం ఆధారంగా నిలుస్తాయి. ఆండర్సన్ కంపెనీ అల్యూమినియం హిచ్ బరువు సుమారు 40 పౌండ్లే కాబట్టి ఒంటరిగా ఎత్తిపెట్టుకోవలసినవారికి, పేలోడ్‌లో ప్రతి పౌండూ లెక్కించేవారికి ఉపయోగపడుతుంది. అది కింగ్‌పిన్‌కు బిగించిన కప్లర్‌తో బాల్ మీద కూర్చుంటుంది. ఇలాంటి పద్ధతి గాని, ట్రైలర్‌కు గూస్‌నెక్ అడాప్టర్ గాని వాడే ముందు ట్రైలర్ ఛాసిస్ వారంటీ నిలుస్తుందో లేదో తయారీదారు నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి. పొడవాటి అడాప్టర్ వల్ల ఛాసిస్ మీద పడే లాగుడు పెరుగుతుంది.

5. ఇప్పుడు హిచ్ తలను, దాని సామర్థ్యాన్ని చూడండి

హిచ్ మీద రెండు అంకెలు ఉంటాయి. మొదటిది ట్రైలర్ మొత్తం బరువు, రెండవది నిలువుగా పడే బరువు. 20,000 పౌండ్ల హిచ్‌కు నిలువు పరిమితి తరచుగా 5,000 పౌండ్లు ఉంటుంది. రెండింటిలో ఏదీ మించకూడదు. ఎస్ఏఈ జే2638 ప్రమాణం ప్రకారం పరీక్షించినదని రాసి ఉన్న హిచ్‌నే ఎంచుకోండి. ట్రైలర్ జీవీడబ్ల్యూఆర్ కంటె కొంత ఎక్కువ సామర్థ్యం ఉంటే చాలు, అవసరానికి రెట్టింపు తీసుకుంటే పెరిగేది హిచ్ బరువే.

కింగ్‌పిన్‌ను రెండు వైపులా చుట్టి పట్టుకునే జంట దవడల తలలో ఖాళీ తక్కువగా ఉంటుంది, అందువల్ల బ్రేకు వేసినప్పుడు, కదిలేటప్పుడు వచ్చే కుదుపు తగ్గుతుంది. చవక రకాలలో అడ్డ కడ్డీ ఒకటే కింగ్‌పిన్‌ను ఆపుతుంది, ఆ మోత మొదటి ప్రయాణంలోనే వినిపిస్తుంది. తల ముందుకు వెనుకకు మాత్రమే కాక పక్కలకూ వంగేదైతే, ఎగుడుదిగుడు నేల మీద తగిలించడం, విడదీయడం చాలా సులువు. పాత హిచ్ కొంటే దవడల అరుగుదల చూసి, బోల్టులన్నీ కొత్తవి వేయించండి.

6. ఎత్తు, వైరింగ్

ట్రైలర్ అడుగు భాగానికి, ట్రక్కు బెడ్ పక్క గోడల పై అంచుకు మధ్య దాదాపు 6 అంగుళాల చోటు ఉండాలి, ట్రైలర్ సమతలంగా నడవాలి. కొత్త ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కుల బెడ్‌లు ఎత్తు కాబట్టి రెండూ ఒకేసారి కుదరకపోవచ్చు. ఎత్తు మార్చుకునే వీలున్న హిచ్ తీసుకోండి. బెడ్ లోపలే ట్రైలర్ వైరు గుచ్చే ఏడు పిన్నుల సాకెట్, డ్రైవరు చేతికి అందేలా బ్రేక్ కంట్రోలర్ ఉన్నాయో లేదో చూసుకోండి.

7. బిగించిన తరువాత

లైసెన్సు సంగతి ముందే చూసుకోండి. కాలిఫోర్నియాలో 15,000 పౌండ్లు మించిన ఫిఫ్త్ వీల్ ట్రైలర్‌కు వాణిజ్యేతర ‘క్లాస్ ఏ’ లైసెన్సు కావాలి. టెక్సాస్‌లో ట్రక్కు, ట్రైలర్ కలిపి 26,001 పౌండ్ల స్థాయికి చేరి, ట్రైలర్ 10,000 పౌండ్లు దాటితే ‘క్లాస్ ఏ’ లైసెన్సు అవసరం అవుతుంది.

మొదటిసారి తగిలించేటప్పుడు ట్రైలర్ చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టి, బెడ్ వెనుక తలుపు (టెయిల్‌గేట్) దించి, ట్రైలర్ ముందు ప్లేటు హిచ్ తల కంటె సుమారు అర అంగుళం కిందికి ఉండేలా సరిచేసి వెనక్కి రండి. ప్లేటు మరీ ఎత్తుగా ఉంటే కింగ్‌పిన్ దవడల పైన నిలిచి, తగిలినట్టే కనబడి, కదలగానే జారి బెడ్ మీద పడుతుంది. టార్చి లైటు వేసి దవడలు మూసుకున్నాయని కళ్ళతో చూసి, లాక్ పిన్ పెట్టి, వైరు, బ్రేక్‌అవే తీగ (ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకులు పడేలా చేసేది) తగిలించి, ట్రైలర్ కాళ్ళను కొద్దిగా పైకి లేపి, ట్రైలర్ బ్రేకులు పట్టి ఉంచి ట్రక్కును మెల్లగా లాగి చూడండి. ఊడిపోకపోతే కాళ్ళను పూర్తిగా ఎత్తి, దిమ్మలు తీయండి.

మొదటి ప్రయాణంలోనే ట్రక్ స్టాప్‌లోని క్యాట్ స్కేల్ అనే లారీల తూకపు యంత్రం మీద ట్రైలర్‌తో ఒకసారి, కుటుంబం, ఇంధనం అలాగే ఉంచి ట్రైలర్ లేకుండా మరొకసారి తూకం వేయించండి. ట్రక్కు రెండు యాక్సిళ్ళ మొత్తంలో వచ్చిన తేడాయే అసలు పిన్ వెయిట్. దానిని తలుపు స్టిక్కర్ పక్కన పెట్టి చూస్తే ముందు అరలోంచి ఏ సామాను వెనుకకు జరపాలో తెలుస్తుంది. హిచ్ బోల్టులను మొదటి ప్రయాణం తరువాత ఒకసారి, ఆపైన మాన్యువల్‌లో చెప్పిన వ్యవధిలో టార్క్ రెంచితో సరిచూసుకోండి.