ఆక్సిమీటర్ (రక్తంలో ఆక్సిజన్ శాతం, నాడి వేగం చూపే పరికరం) వేలికి పెట్టుకునే ముందు: సీఓపీడీ (ఊపిరి ఆడనివ్వని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవారికి జాగ్రత్తలు

• కూర్చుని 5 నిమిషాలు విశ్రాంతి తీసుకోండి. మెట్లెక్కి వచ్చిన వెంటనే చూసిన అంకెను విశ్రాంతి అంకెగా రాసుకోవద్దు.

• వేళ్లు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచండి. రక్తప్రసరణ తగ్గిన వేలిలో పరికరానికి నాడి సరిగా అందదు, అంకె తప్పుగా రావచ్చు.

• నెయిల్ పాలిష్, అతికించిన గోళ్లు తీసేయండి. ఎండ నేరుగా పడకూడదు.

• అదే చేతికి బీపీ పట్టీ ఉండకూడదు.

• సాల్బుటమాల్ (శ్వాసనాళాలను వెడల్పు చేసే ఇన్‌హేలర్ మందు) పీల్చాక గుండె వేగం పెరగవచ్చు. మందుకు ముందా, తర్వాతా అన్నది పుస్తకంలో రాయండి. ఆక్సిజన్ పెట్టుకుని ఉంటే నిమిషానికి ఎన్ని లీటర్లో కూడా.

• సిగరెట్ తాగాక వచ్చే మంచి అంకెను నమ్మకండి. రక్తంలో చేరిన కార్బన్ మోనాక్సైడ్‌ను కూడా పరికరం ఆక్సిజన్‌గానే లెక్కేస్తుంది.

చేయి గుండె ఎత్తులో, కదలకుండా ఉంచి, అంకె నిలకడగా ఉండేదాకా ఆగండి. ఒక నిమిషం పట్టవచ్చు. మొదట మెరిసిన అంకె లెక్కలోకి రాదు. నాడి లయ తప్పుతుంటే మణికట్టు దగ్గర పూర్తి 60 సెకన్లు లెక్కపెట్టి పోల్చుకోండి. పరికరం 2–3 శాతం అటూఇటూ చూపడం మామూలే. ముదురు చర్మంపై ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చు.

మీ ఆక్సిజన్ శాతం లక్ష్యం ఎంతో డాక్టర్‌ను ముందే అడిగి పెట్టుకోండి. కార్బన్ డయాక్సైడ్ పేరుకునే ప్రమాదమున్నవారికి తరచూ 88–92 శాతమే లక్ష్యం; 98 కోసం సొంతంగా ఆక్సిజన్ పెంచడం ప్రమాదకరం. పెదవులు నీలంగా మారినా, మత్తుగా, అయోమయంగా ఉన్నా, మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా అంకెతో పనిలేదు, వెంటనే అత్యవసర వైద్యం అందాలి.