స్వరపేటికను సొంత వేళ్లతో తడిమి తెలుసుకోవడం ఎలా?

శ్వాసమార్గం గురించి పుస్తకంలోని బొమ్మ చూసి నేర్చుకున్నది పరీక్ష అయిపోగానే మరిచిపోతాం. అదే పాఠాన్ని మెడ మీద వేలు పెట్టి చదివితే ఎన్నాళ్లయినా గుర్తుంటుంది. ఇందుకు గుక్కెడు నీళ్లు, పది నిమిషాల తీరిక ఉంటే చాలు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి: మెడ నడిమి గీత వెంబడే, మునివేలితో మెత్తగా తడమాలి. ఇరుపక్కలా మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమనులు ఉంటాయి. అక్కడ నొక్కితే గుండె వేగం తగ్గి కళ్లు తిరిగే ప్రమాదం ఉంది కాబట్టి వేలు పక్కలకు పోకూడదు.

తల కొంచెం పైకెత్తి, గడ్డం కింది నుంచి వేలిని నెమ్మదిగా కిందికి జరపండి. గడ్డం అడుగుభాగం మెడతో కలిసే మూలలో మొదట తగిలే గట్టి భాగం హయాయిడ్ ఎముక. లాడం ఆకారంలో ఉండే ఈ ఎముకకు ఒంట్లోని మరే ఎముకతోనూ కీలు లేదు. కండరాలే దాన్ని పట్టి ఉంచుతాయి, స్వరపేటిక దాని నుంచి వేలాడుతూ ఉంటుంది.

ఇంకాస్త దిగితే వేలి కొనకు ఒక గంటు, దాని వెంటే ముందుకు పొడుచుకొచ్చిన కంఠమణి తగులుతాయి. ఇది థైరాయిడ్ మృదులాస్థి. సగం తెరిచిన పుస్తకం అట్టల్లా రెండు పలకలు ముందువైపు కలిసే చోటు ఇదే. ఆ కోణం మగవారిలో దాదాపు 90 డిగ్రీలు, ఆడవారిలో సుమారు 120 డిగ్రీలు ఉంటుంది కనుకనే మగవారి కంఠమణి అంతగా బయటికి కనబడుతుంది. పేరు ఒకటే అయినా థైరాయిడ్ గ్రంథి వేరు. అది ఇంకా కింద, వాయునాళాన్ని హత్తుకుని ఉంటుంది.

కంఠమణి దాటాక వేలు చిన్న పల్లంలోకి జారుతుంది. అక్కడ చర్మం వెనుక ఉన్నది పలుచటి పొర మాత్రమే. పై దారి పూర్తిగా మూసుకుపోయి, గొట్టం వేయడానికి కూడా వీలు కానప్పుడు వైద్యులు గాలికి దారి చేసేది ఇక్కడే. పల్లం కింద తగిలే గట్టి ఉంగరం క్రికాయిడ్. ఇది వెనకవైపు కూడా పూర్తిగా మూసిన వలయం. దాని కింద మొదలయ్యే వాయునాళం 10 నుంచి 12 సెంటీమీటర్ల పొడవుంటుంది. అందులోని 16 నుంచి 20 వరకు ఉండే మృదులాస్థి కట్లు మాత్రం వెనకవైపు తెరిచి ఉంటాయి.

ఇప్పుడు వేలిని కంఠమణి మీదే ఉంచి గుక్కెడు నీళ్లు మింగండి. స్వరపేటిక మొత్తం ఒక్కసారిగా పైకి లేచి, మళ్లీ దిగుతుంది. అలా లేచినప్పుడు నాలుక మొదట్లో మూతలా ఉండే ఉపజిహ్విక వెనక్కి వాలి ద్వారాన్ని కప్పుతుంది, లోపల కంపించి గొంతు పలికించే రెండు మడతలు, అంటే స్వరతంత్రులు, దగ్గరికి వచ్చి మూసుకుంటాయి, ఆ క్షణం ఊపిరి ఆగుతుంది. ఈ వరుస తప్పితేనే పొలమారుతుంది. ఉపజిహ్వికను కొండనాలుక అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. నోరు తెరిస్తే వెనక వేలాడుతూ కనిపించేదే కొండనాలుక. నా దృష్టిలో స్వరపేటిక మొదట కాపలాదారు, ఆ తర్వాతే వాద్యం. దగ్గేటప్పుడు, బరువెత్తడానికి ఊపిరి బిగబట్టేటప్పుడు కూడా అది చేసేది తలుపు వేసే పనే.

మాట సంగతికి వస్తే, వేలు అక్కడే ఉంచి ‘అప్ప’, ‘అబ్బ’ అని ఒకదాని వెంట ఒకటి నిదానంగా పలకండి. రెండింటిలోనూ పెదవులు ఒకేలా మూసుకుంటాయి. ‘అప్ప’లో పెదవులు మూసిన క్షణంలో వేలి కింద నిశ్శబ్దం, ‘అబ్బ’లో మాత్రం అదురు ఆగదు. వ్యాకరణంలో మనం పరుషాలు, సరళాలు అని విడదీసి చదువుకున్న అక్షరాల తేడా ఈ అదురులోనే ఉంది. గుసగుసగా మాట్లాడి చూస్తే అదురు అసలు తెలియదు, ఎందుకంటే అప్పుడు స్వరతంత్రులు కంపించవు. మామూలు మాటలో అవి మగవారిలో సెకనుకు నూటికి పైచిలుకు, ఆడవారిలో సుమారు 200 సార్లు కొట్టుకుంటాయి.

చివరగా వేలిని ఆ పల్లంలోకి దించి, నోరు మూసి కింది శ్రుతి నుంచి పై శ్రుతికి కూనిరాగం తీయండి. శ్రుతి పెరిగేకొద్దీ పల్లం ఇరుకవుతున్నట్టు అనిపిస్తుంది. క్రికాయిడ్, థైరాయిడ్ మృదులాస్థి ముందువైపు దగ్గరై స్వరతంత్రులను సాగదీయడమే దానికి కారణం. తొలిసారి తెలియకపోతే శ్రుతుల మధ్య దూరం పెంచి మళ్లీ ప్రయత్నించండి.

స్వరతంత్రులు మాత్రం వేలికి అందవు. మాన్యుయేల్ గార్సియా అనే సంగీత గురువు 1854లో దంతవైద్యుల చిన్న అద్దాన్ని గొంతులో ఉంచి, చేతి అద్దంతో ఎండను అందులోకి మళ్లించి తన స్వరతంత్రులను తానే చూశాడు. ఇది ఇంట్లో చేయదగ్గ పని కాదు. గొంతు బొంగురు మూడు, నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ వైద్యులు ముక్కు గుండా సన్నని కెమెరా గొట్టం దించి ఆ తంత్రుల కదలికను నేరుగా చూస్తారు.