మినరల్ ఆయిలా, సింథటికా? నా కారు టకటక ఎలా తగ్గిందంటే

పొద్దున్నే చలిలో స్టార్ట్ చేస్తే ఇంజిన్ పైనుంచి ఒక ఐదారు సెకన్లు టకటకమని సౌండ్, తర్వాత అదే సైలెంట్ అయిపోయేది. నేనేమో ట్యాపెట్లు (వాల్వ్‌లను తెరిచే భాగాలు) పోయాయని ఫిక్సయి తెగ కంగారు పడ్డా. తీరా మాన్యువల్ తీసి చూస్తే ఇంజిన్ ఆయిల్ గ్రేడ్ 5డబ్ల్యూ-30 అని ఉంది, నేను ఇన్నాళ్లూ పోయించింది 20డబ్ల్యూ-50 మినరల్ (ముడి చమురు శుద్ధి చేసి తీసే మామూలు ఆయిల్), పాత బండికి చిక్కటిదే మంచిదని ఎవరో అంటే నమ్మేశా. డబ్ల్యూ అంటే వింటర్, ఆ ముందు నంబర్ ఎంత తక్కువైతే చలిలో ఆయిల్ అంత తొందరగా పైకెక్కుతుంది. ఇంజిన్‌లో అరుగుదల ఎక్కువగా జరిగేది స్టార్టింగ్‌లోనే మరి.

ఫుల్ సింథటిక్ (రసాయనికంగా తయారుచేసే ఆయిల్) 5డబ్ల్యూ-30 పోయించి ఫిల్టర్ కూడా మార్చా, మర్నాడే సౌండ్ పోయింది. కాకపోతే పది రోజులకి ఇంజిన్ పై మూత (వాల్వ్ కవర్) అంచున ఆయిల్ చెమ్మ కనిపించింది, చూస్తే ఆయిల్ కారకుండా ఉండే రబ్బర్ సీలు (గ్యాస్కెట్) గట్టిపడి అప్పడంలా విరిగింది, తప్పు ఆయిల్‌ది కాదు. అది మార్చాక లీకు లేదు.

ఒకసారి సింథటిక్ వాడితే మళ్లీ మినరల్‌కి రాకూడదంటారు చూడండి, అదంతా ఉత్తిదే. మాన్యువల్‌లో మినరల్ చాలంటే, టైముకి మారుస్తుంటే, అదే పోయించుకోండి. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మాత్రం నెలకోసారైనా తీసి చూడండి బాబూ.